అశ్వకిశోరమునకు రోగనిరోధకశక్తి యలవడు విధము

వర్లి నాకా దాటి మోజెస్ రోడ్డు వెంట దక్షిణముగా నడచినచో, ఇండ్లవరుసలు కొంతదూరమునకు తొలగి ఆకసము విశాలముగా గానవచ్చు చోటొకటి గలదు. అది మహాలక్ష్మి పందెపు మైదానము. 1883లో దీని నేర్పఱచిరి. అంతకుముందు బొంబాయి పందెములు బైకలాలో, అనగా కామాఠీపురమునకు కూతవేటు దూరమున, జరుగుచుండెడివి. నిజాము సీమనుండి వచ్చి యీ నగరపు కట్టడములకు రాళ్లు మోసి, తాము నివసించిన పేటకు తమ పేరే యిచ్చిన కామాఠీలనాటి నుండి బొంబాయి తెలుగువారు గుఱ్ఱములను చూచుచునే యున్నారు. విక్టోరియా బండ్ల గిట్టలచప్పుడు మొన్నమొన్నటి వఱకు నగరవీథులలో వినబడుచునే యుండెను; విహారమునకై నడుపు గుఱ్ఱపుబండ్లను నిలిపివేయవలెనని 2015లో బొంబాయి హైకోర్టు తీర్పుచెప్పిన పిమ్మట నదియు సమసినది.

కావున మనవారికి గుఱ్ఱము వింతజంతువు గాదు. మిల్లులు నడచిన దినములలో దాని పరుగును గూర్చియు వెలను గూర్చియు చాలుల వసారాలలో వాదములు జరిగెడివి. పందెపు గుఱ్ఱమునకు తండ్రి యెవరు, తాత యెవరు అను వివరములు సైతము కొందఱికి కంఠస్థములు. ఈ వంశగౌరవమునుండియే యొక భ్రమ పుట్టినది. మంచి జాతిగుఱ్ఱమునకు పరుగువలెనే రోగమును నెగ్గు శక్తియు నెత్తుటితోడనే వచ్చుననియు, మేలుజాతి తల్లి కనిన పిల్లకు ఆ శక్తి పుట్టుకతోనే సిద్ధముగ నుండుననియు పలువురు తలంతురు. సత్యము దీనికి విపరీతముగ నున్నది. ఎంత గొప్ప వంశమున పుట్టినదైనను, నేలమీద పడిన క్షణమున గుఱ్ఱపుపిల్ల నెత్తుటిలో తల్లి యిచ్చిన రక్షణ దాదాపు శూన్యము. తరువాతి కొన్ని గంటలలో అది త్రాగు పాలమీదనే దాని ప్రాణ మాధారపడియున్నది. ఆ గంటలలో నేమి జరుగును, ఆ పిమ్మట తన స్వంతశక్తిని అది యెట్లు కూడబెట్టుకొనును అనునదియే యీ వ్యాసమునకు విషయము. కిశోర శబ్దమును మనము నేడు పడుచువానికి వాడుచున్నాము గాని, అమరకోశమున నది గుఱ్ఱపుపిల్లకే చెప్పబడినది. ఆ యర్థముననే యిచట గ్రహింపవలెను.

రోగమునెదుర్కొను శక్తి రెండు తెఱగులు. శరీరము తానై సంపాదించుకొనున దొకటి. ఇతరుల నుండి యరువు దెచ్చుకొనునది రెండవది. రోగక్రిమి యొడలిలో ప్రవేశించినప్పుడు తెల్లరక్తకణములలోని యొక తెగ దానిని గుర్తించి, దానికి సరిగా పొసగునట్టి మాంసకృత్తులను తయారుచేయును. వానికి ప్రతిరక్షకములని పేరు. ఒక తాళమునకు పట్టిన చెవి వేఱొక తాళమునకు పట్టనట్లు, ఒక క్రిమికై పుట్టిన ప్రతిరక్షకము వేఱొకదాని మీద పనిచేయదు. ఇది సంపాదన. ఇది మెల్లగా వచ్చును గాని శరీరమునకు జ్ఞాపకముండును. అట్లు తయారైన ప్రతిరక్షకములనే మఱియొక ప్రాణి నెత్తుటిలో చేర్చినచో, దానికి ఆ క్షణమునుండియే రక్షణ గలుగును. కాని యా సరకు వ్యయమైనపిమ్మట మఱల చేసికొను నేర్పు దానికి రాదు. ఇది యరువు.

ఈ రెండింటిలో మొదటిదానికి బొంబాయిలోనే ప్రసిద్ధమైన యుదాహరణము గలదు. 1896లో ఈ నగరమును ప్లేగు ముంచెత్తినప్పుడు వాల్డెమార్ హాఫ్‌కిన్ బైకలాలోని గ్రాంటు వైద్యకళాశాలలో టీకామందును తయారుచేసి, 1897 జనవరి 10వ తేదీన మొదట తన యొడలికే యెక్కించుకొనెను. ఆ పిమ్మట బైకలా జెయిలులోని ఖైదీలలో ముందుకు వచ్చినవారికి వేసిరి. చచ్చిన క్రిములను చూపి శరీరమునకు పాఠము చెప్పుట యిందలి యుపాయము. అరువు తెఱగును 1890లో బెర్లినులో బేరింగ్, కితసాటోలు కనుగొనిరి. ధనుర్వాతపు విషమునకు అలవాటుపడిన జంతువు నెత్తుటినుండి తేర్చిన సీరమును మఱియొక జంతువునకు ఎక్కించినచో, అది ఆ విషమును తట్టుకొనెను.

రెండేండ్లు గడచినతోడనే పాల్ ఏర్లిష్ అను శాస్త్రజ్ఞుడు మన ప్రస్తుత విషయమునకు మూలమైన ప్రయోగమొకటి చేసెను. ఆయన వాడిన విషములు మన పొలముగట్ల మీద కాచునవే: ఆముదపు గింజలలోని రిసిను, గురివింద గింజలలోని అబ్రిను. ఆడు ఎలుకలకు ఈ విషములను కొంచెము కొంచెముగా మరపి, అవి యీనిన పిదప పిల్లలను తారుమారు చేసెను. విషమునకు మరగిన తల్లి పిల్లలను మామూలు ఎలుక క్రిందను, మామూలు ఎలుక పిల్లలను మరగిన దాని క్రిందను విడిచెను. ఎవరి కడుపున పుట్టెనన్నదానికంటె ఎవరి పాలు త్రాగెనన్నదియే యెక్కువగ పనిచేసినట్లు తేలినది. మామూలు తల్లికి పుట్టియు, మరగిన దాని పాలు త్రాగిన పిల్లలు విషమునకు తట్టుకొనెను. పాలద్వారా రక్షణ సంక్రమించునని 1892లో ఇట్లు రుజువైనది.

ఇక గుఱ్ఱము సంగతి. ఆడుగుఱ్ఱము సుమారు 340 దినములు చూలు మోయును. పిల్ల యొడలిలో రక్షణకు కావలసిన యంగములు ఆ కాలమున నేర్పడకపోవు. గర్భమున మూడవ నెల నిండునాటికే ఱొమ్ములోని థైమస్ గ్రంథిలో లింఫోసైట్లను కణములు కానవచ్చును; ఆ పిమ్మట ప్లీహమును, ప్రేగుల చెంతనున్న చిన్న గ్రంథులును సిద్ధమగును. ఆఱేడు నెలల పిండమునకు పరీక్షార్థము అన్యపదార్థము నెక్కించి చూడగా, అది ప్రతిరక్షకములను చేయగలిగినట్లు తెలిసినది. అనగా కొలిమియు సుత్తియు నున్నవి, పని లేదు. తల్లి గర్భమున క్రిమి సోకదు గనుక, చూడని శత్రువునకు సరిపడు ఆయుధము చేయుట కా పిండమునకు సందర్భము రాదు.

అట్లైనచో తల్లి నెత్తుటిలోనున్న ప్రతిరక్షకములు బొడ్డుత్రాటి ద్వారా పిల్లకు చేరరాదా యని శంక పొడమును. మనుష్యులలో నదియే జరుగును. గర్భము చివరి మూడు నెలలలో తల్లి ప్రతిరక్షకములు మావిని దాటి శిశువును చేరును. నెలలు నిండి పుట్టిన బిడ్డ నెత్తుటిలో అవి తల్లికి తీసిపోని పాళములో నుండును. గుఱ్ఱపు మావి నిర్మాణము వేఱు. తల్లి నెత్తుటికిని పిల్ల నెత్తుటికిని నడుమ ఆఱు పొరలు గలవు. తల్లివైపు రక్తనాళపు గోడ, దాని వెలుపలి ధాతువు, గర్భసంచి పైపొర. పిల్లవైపు నట్టివే మూడు. ప్రాణవాయువు దాటును, ఆహారము దాటును. ప్రతిరక్షకమువంటి పెద్ద యణువు దాటజాలదు. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక, పంది, ఇవన్నియు నీ విషయమున గుఱ్ఱపు జట్టులోనివే. కావున నీ వ్యాసమున గుఱ్ఱమును గూర్చి చెప్పబడుదానిలో ముఖ్యభాగము, ఊరియందు పాడిపశువులుగల పాఠకులకు స్వానుభవమునకు దగ్గఱదే.

గర్భమున నీయలేనిదానిని తల్లి పొదుగున దాచియుంచును. ఈనుటకు ముందు రెండు మూడు వారములలో తల్లి నెత్తుటినుండి ప్రతిరక్షకములు పొదుగులోనికి చేరి చిక్కబడును. ఈనుటకు ఒకటి రెండు దినములముందు చనుమొనల మీద మైనమువంటి బొట్లు కట్టుట గుఱ్ఱపుసాలవారికి తెలిసిన గుర్తు. ఇట్లు కూడిన తొలిపాలే ముఱ్ఱుపాలు. ఇవి చిక్కగాను, పసుపుచాయగాను, జిగటగాను ఉండును. మంచి ముఱ్ఱుపాలలో డెసిలీటరునకు 3000 మిల్లీగ్రాములకు తక్కువగాని ప్రతిరక్షకములుండవలెను. ఇంతకు రెట్టింపున్న తల్లులును గలవు. ఒక్కొక్క యీతకు ఈ సరకు ఒక్కమాఱే తయారగును. కుడిచినను, కారిపోయినను, ఒక దినము గడచునప్పటికి పొదుగున మిగులునది మామూలు పాలే. ఈనకముందే పాలు కారిపోవు గుఱ్ఱములు కొన్ని గలవు. వాని పిల్లలకు ప్రమాదమెక్కువ; చూచువారు పాలు పుష్కలముగ నున్నవని సంతసింతురు గాని నేలపాలగుచున్నది పిల్ల యాయువని గుర్తింపరు.

పిల్ల ప్రేగులలోను నీ కాలమునకు తగిన యేర్పాటొకటి గలదు. పెద్దజంతువు త్రాగిన పాలలోని మాంసకృత్తులు కడుపున జీర్ణమై ముక్కలగును. అప్పుడే పుట్టిన పిల్ల చిన్నప్రేగుల గోడలో కొన్ని ప్రత్యేకకణములు ప్రతిరక్షకములను ముక్కలుచేయక, ఉన్నవి యున్నట్లే మ్రింగి, ఆవలివైపునకు నెట్టి నెత్తుటిలో కలుపును. ఈ కణముల యాయువు మిక్కిలి స్వల్పము. పుట్టిన మొదటి గంటలలో ఇవి చుఱుకుగా పనిచేయును. ఆపై రాలిపోయి వాని తావున మామూలు కణములు వచ్చును. ఇంగ్లండున 1970వ దశకమున జెఫ్కాట్ అను పశువైద్యుడు దీనిని కొలిచెను. పుట్టిన మూడు గంటలకు ఇచ్చిన ప్రతిరక్షకములలో నైదవవంతుకు మించి నెత్తుటిని చేరగా, ఇరువది గంటలకు ఇచ్చినవానిలో నూటికొకపాలు మాత్రమే చేరినది. ఒక దినము నిండునప్పటికి తలుపు మూసికొనును. ఆపై ఎన్ని శేర్ల ముఱ్ఱుపాలు పోసినను అవి ఆహారముగ జీర్ణమగును. ప్రేగులలోపలి గోడకు కొంత కాపుగ నుండవచ్చును గాని నెత్తుటిని చేరవు.

అందుచేతనే గుఱ్ఱములను పెంచువారు ఒకటి, రెండు, మూడు అను లెక్క పెట్టుకొందురు. పుట్టిన గంటలోపల పిల్ల లేచి నిలువవలెను. రెండు గంటలలోపల పొదుగు పట్టవలెను. మూడు గంటలలోపల తల్లికి మావి పడవలెను. ఈ వరుసలో పాలు కుడుచుట మావి పడుటకు ముందున్నది. మన దేశమున పెక్కుచోట్ల పాడిపశువుల విషయమున దీనికి వ్యతిరేకమైన వాడుక గలదు. మావి పడువఱకు దూడను పొదుగునకు విడువరు, పాలు పితుకరు. గేదెకు మావి పడుట కొన్ని సమయముల పూటకు పైగా ఆలస్యమగును. ఆ పూటలోనే దూడ ప్రేగుల తలుపు సగము మూసికొనును. దూడ కుడిచినందువలన మావి నిలిచిపోవునను భయము నిరాధారము. పొదుగు తాకుడుకు గర్భసంచి ముడుచుకొనును గనుక కుడుచుట మావి పడుటకే సాయము. జున్నును గూర్చియు నొకమాట యిచట చెప్పదగును. తెలుగువారి జున్ను, మరాఠీవారి ఖర్వస్, ముఱ్ఱుపాలతో చేయునవే. వానిపై మక్కువ తప్పుగాదు. దూడ కడుపు నిండిన పిమ్మట మిగిలినది గిన్నెలోనికి రావలెను గాని, గిన్నె నిండిన పిమ్మట మిగిలినది దూడకు పోరాదు. మనుష్యుల బిడ్డ నెత్తుటికి తల్లి ప్రతిరక్షకములు ముందే చేరునని పైన చెప్పబడినది. అంతమాత్రమున తల్లి ముఱ్ఱుపాలు పిండి పాఱబోయు నలవాటు తగినదని భావింపరాదు. ఆ పాలలో ప్రేగులగోడను కాపాడు వేఱొక తెగ ప్రతిరక్షకములు నిండియుండును.

పిల్లకు అందవలసినది అందినదా లేదా యనుట కంటికి తెలియదు. గంతులు వేయుచున్న పిల్ల నెత్తుటిలోను ఏమియు లేకపోవచ్చును. కావున పుట్టిన 18 గంటలనుండి 24 గంటలలోపల నెత్తురు తీసి పరీక్షింతురు. డెసిలీటరునకు 800 మిల్లీగ్రాములకు మించి ప్రతిరక్షకములున్నచో చాలును. 400కు లోపలనున్నచో బదిలీ విఫలమైనట్లు, నడుమనున్నది అరకొఱ. తొలిచూలు తల్లి పిల్లను దరిజేరనీయకపోవుట, పిల్ల నెలలు నిండక పుట్టుట, లేవలేకపోవుట, పాలు ముందే కారుట, ఇవి సామాన్యకారణములు. తలుపు మూసికొనక మునుపే కనిపెట్టినచో, వేఱొక తల్లినుండి తీసి గడ్డకట్టించి దాచిన ముఱ్ఱుపాలను ముక్కుగుండా గొట్టము వేసి కడుపులోనికి పోయుదురు. గడువు దాటినచో నోటి మార్గము వ్యర్థము. ఆరోగ్యమైన పెద్దగుఱ్ఱము నెత్తుటినుండి తీసిన ప్లాస్మాను ఒకటి రెండు లీటర్లు పిల్ల నరములోనికి ఎక్కింపవలసి యుండును.

ఏమియు చేయనిచో, బొడ్డుద్వారాగాని నోటిద్వారాగాని చొచ్చిన క్రిములు నెత్తుటిలో వ్యాపించును. పిల్ల మందగించును, పాలు మానును, కీళ్లు వాచును. పెక్కు సమయముల వారము తిరుగకముందే చచ్చును. ప్రతిరక్షకములకై తెఱచియున్న ప్రేగుల తలుపు క్రిములకును తెఱచియే యుండునని యిచట గుర్తింపవలెను. ముందు వచ్చినది ముఱ్ఱుపాలో మలినమో యన్నదానిమీద పిల్ల భవితవ్య మాధారపడును. అందుచేతనే పిల్ల కుడువకముందు తల్లి పొదుగును కడుగుదురు. బొడ్డును క్రిమిసంహారకములో ముంచుదురు.

ముఱ్ఱుపాలే విషమగు సందర్భమొకటి గలదు. పిల్లకు తండ్రినుండి వచ్చిన రక్తవర్గము తల్లికి లేనిదైనచో, పూర్వపు ఈతలో ఆ రక్తము తల్లి యొడలికి సోకి, దానికి విరుద్ధముగ తల్లి ప్రతిరక్షకములు చేసికొనియుండవచ్చును. మావి వానిని దాటనీయదు గనుక పిల్ల ఆరోగ్యముగనే పుట్టును. తొలిపాలు త్రాగిన పిమ్మట ఆ ప్రతిరక్షకములు పిల్ల ఎఱ్ఱకణములను పగులగొట్టును. ఒకటి రెండు దినములలో కండ్లు పచ్చబడి పిల్ల నీరసించును. కంచరగాడిదల విషయమున నిది మఱింత తఱచు. మగగాడిద నెత్తుటిలోని గుర్తు ఆడుగుఱ్ఱమునకు ఎన్నడును ఉండదు గదా. ఇట్టి తల్లి పిల్లను మొదటి రెండుదినములు మూతికి బుట్ట కట్టి తన తల్లి పాలు త్రాగకుండ కాచి, పరాయి తల్లి ముఱ్ఱుపాలు పట్టవలెను. ఆపై తల్లి పాలే నిరపాయముగ త్రాగవచ్చును. కన్నతల్లి పాలు వద్దని, పెంపుడుతల్లి పాలు ప్రాణమని చెప్పవలసివచ్చు నీ ఘట్టమున పాతకాలపు పశుపాలకులు దేవతాగ్రహమును వెదకియుందురనుటలో నాశ్చర్యము లేదు.

అన్నియు సవ్యముగ జరిగినను అరువు అరువే. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు సుమారు మూడు నాలుగు వారములకొకమాఱు సగమగుచుండును. నూఱున్నవి నెలకు ఏబది, రెండు నెలలకు ఇరువదియైదు. ఈ లోపల పిల్ల తన సంపాదన మొదలుపెట్టును. తొలి వారములనుండియే దాని స్వంత ప్రతిరక్షకములు కొలది కొలదిగా కానవచ్చును గాని, పెద్దగుఱ్ఱమునకు సమముగ నగుటకు సుమారు ఐదాఱు నెలలు పట్టును. కొన్ని తెగల ప్రతిరక్షకములకు ఏడాది కాలము కూడ కావలెను. అరువు తఱిగియు సంపాదన చాలకయు నుండు కాలము, ఒకటవ నెలనుండి మూడవ నెల వఱకు, ఈ లెక్కలో మిక్కిలి బలహీనమైన భాగము. పిల్ల బొద్దుగా, నిగనిగలాడుచు, తల్లిని విడిచి దూరదూరముగ పరుగెత్తుచుండునదియు నప్పుడే. కావున జాగ్రత్త సడలునదియు నప్పుడే.

ఈ నడిమికాలమునకు పేరుపొందిన శత్రువొకటి గలదు. స్వీడనులో మాగ్నుసన్ అను నాతడు 1923లో దీనిని పిల్లల ఊపిరితిత్తుల గడ్డలలో కనుగొనెను. నేడు రోడోకాకస్ ఈక్వై యని వ్యవహరింతురు. ఇది మట్టిలోను గుఱ్ఱపు లద్దిలోను పెరుగును. ఎండకాలమున దుమ్ముతో లేచి ఊపిరిలో చేరును. పెద్దగుఱ్ఱములు ఆ దుమ్మునే పీల్చుచు నిశ్చింతగ నుండును. పిల్లలకు మాత్రము తొలివారములలో సోకి, మెల్లగా పెరిగి, రెండు మూడు నెలల ప్రాయమున దగ్గుగా, జ్వరముగా బయటపడును. అప్పటికే ఊపిరితిత్తులలో చీముగడ్డలు పట్టియుండును. ఈ క్రిమి తనను మ్రింగవచ్చిన కణములోనే కాపురముండును గనుక ప్రతిరక్షకము దానిని సులభముగ చేరలేదు. లోపల దాగినదానిని చంపుటకు లింఫోసైట్లు ఇంటర్‌ఫెరాను అను పదార్థమును విడిచి, మ్రింగుకణమును రెచ్చగొట్టవలెను. చిన్నపిల్లలలో ఆ పదార్థపు ఉత్పత్తి కొఱవగ నుండును. దీనికి నమ్మదగిన టీకా నేటికిని లేదు. తిండిదండుగ లేక గుంపులు గుంపులుగ పిల్లలను పెంచు గొప్ప క్షేత్రములలోనే యిది యెక్కువగ ప్రబలుట గమనింపదగినది. ఒక్క గుఱ్ఱమును ఇంటిముందు కట్టుకొన్న బండివానికి దీని బాధ తక్కువ.

చూచువారికి రోతగ తోచు మఱియొక వాడుక యీ వయసునకు చెందినది. తొలి వారములలో పిల్ల తల్లి లద్దిని తినును. క్రొత్త సయీసు దానిని అదలించును గాని, అనుభవశాలి యూరకుండును. ప్రేగులలో గడ్డిని పులియజేయు మేలిక్రిములు పిల్లకు చేరుట కదియొక మార్గము. ఆ క్రిములను చూచి పిల్ల రక్షణకణములు పగవానికిని పొరుగువానికిని గల భేదమును నేర్చుకొనును. మితిమీరిన శుభ్రత యిచట ఉపకారము గాదు. అట్లని పేడకుప్పల నడుమ పెంచుటయు గాదు.

టీకాల విషయమున నొక చిక్కు గలదు. తల్లి ప్రతిరక్షకములు నెత్తుటిలో నిండుగ నుండగా పిల్లకు టీకా వేసినచో, ఆ మందును తల్లి సరకే పట్టి తొలగించును; పిల్లకు పాఠము చేరదు. కావున ఈనుటకు నాలుగైదు వారములముందు తల్లికే ధనుర్వాతము, గుఱ్ఱపు ఫ్లూ మున్నగువాని టీకాలు వేసి ముఱ్ఱుపాలను బలపఱతురు; పిల్లకు నాలుగునుండి ఆఱు నెలల నడుమ మొదటి మోతాదును, నెల దాటిన పిదప రెండవదియు, ఏడాది సమీపించునప్పుడు మూడవదియు వేయుదురు. తొందరపడిన మోతాదు లెక్కలో చేరునే గాని యొడలిలో చేరదు. గుఱ్ఱపు ఫ్లూ మన దేశమున 1987లోను, మఱల 2008–09లోను వ్యాపించినది. గుఱ్ఱములు గుంపుగ నుండు చోట నది దావానలము వంటిది.

ఇట్లు రెండవయేట అడుగిడునాటికి కిశోరము తన కాళ్లమీద నిలిచినట్లు. అటుపిమ్మట దాని సంపాదన యెంతటిదగునో చూడవలెనన్న మహాలక్ష్మినుండి తూర్పుగా పరేలునకు పోవలెను. హాఫ్‌కిన్ ప్రయోగశాల 1899లో అచటి పాత గవర్నరు భవనమునకు మాఱి, 1925లో ఆయన పేరు ధరించెను. పాముకాటుకును ధనుర్వాతమునకును విరుగుడు సీరములను ఆ సంస్థ గుఱ్ఱముల నెత్తుటినుండియే తయారుచేసినది. 1975లో ఉత్పత్తి శాఖ వేఱుపడి హాఫ్‌కిన్ జీవౌషధ సంస్థయైనది. దాని గుఱ్ఱములను పుణె చెంత పింప్రిలో ఉంచిరి. పుణెలో 1946లో గుఱ్ఱపు క్షేత్రమును నెలకొల్పిన పూనావాలా కుటుంబమువారు పందెములకు పనికిరాని గుఱ్ఱములను ఈ సీరముకొఱకు హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చుచుండిరి. ఆ సంబంధమునుండియే, సీరమును తామే యేల తయారుచేయరాదను తలంపు పుట్టి, 1966లో సైరస్ పూనావాలా సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించెను. పందెములో ఓడిన గుఱ్ఱము నెత్తుటికి గెలిచినదాని నెత్తుటికంటె విలువ తక్కువగాదని యీ చరిత్ర చెప్పుచున్నది. హైదరాబాదులో విన్స్ సంస్థ నేడు గుఱ్ఱములద్వారానే పామువిషపు విరుగుడును తయారుచేయుచున్నది.

పద్ధతి యిట్టిది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, మరాఠీలో ఫుర్సే యనబడు చిన్నపింజరి, ఈ నాలుగింటి విషమును అతిస్వల్పముగ, హానిలేని పాళములో, పూర్తిగ ఎదిగిన గుఱ్ఱమునకు ఎక్కింతురు. వారములు గడచుకొలది పాళము పెంచుదురు. ఏర్లిష్ తన యెలుకలకు గురివింద విషమును మరపిన తీరే యిది. గుఱ్ఱము నెత్తుటిలో విషమునకు ఎదురైన ప్రతిరక్షకములు నిండినపిదప కొంత నెత్తురు తీసి, ఎఱ్ఱకణములను మఱల గుఱ్ఱమునకే యెక్కించి, మిగిలిన ప్లాస్మానుండి ప్రతిరక్షకములను శుద్ధిచేసి, సీసాలలో నింపుదురు. చిన్నపిల్లను ఈ పనికి వాడరు. దాని సంపాదన దానికే చాలదు.

పాలమూరులోనో కరీంనగరములోనో వరిమడిలో పాము కఱచిన రైతునకు ఆస్పత్రిలో నరమునకెక్కించు మందు ఇదియే. పుట్టిన గుఱ్ఱపుపిల్లకు తల్లి పొదుగు ఏమి యిచ్చెనో, ఆ రైతునకు గుఱ్ఱము అదియే యిచ్చుచున్నది: తయారైన రక్షణ, వెంటనే పనిచేయునది, జ్ఞాపకము లేనిది. ఒక భేదము మాత్రము గలదు. పిల్లకు వచ్చినది స్వజాతి సరకు గనుక నెలల తరబడి నిలుచును. రైతు యొడలు గుఱ్ఱపు ప్రతిరక్షకమును పరాయిదిగ గుర్తించును. కొందఱికి మందెక్కించునప్పుడే దద్దురులు, ఊపిరాడకపోవుట గలుగును, మఱికొందఱికి వారము పదిదినములకు జ్వరము, కీళ్లనొప్పులు వచ్చును. అందుచేతనే వైద్యుడు ప్రక్కన సూది సిద్ధముగ నుంచుకొని యిచ్చును. అరువు సరకు వారములలోనే యొడలినుండి వెడలిపోవును. మఱుసటి యేడు అదే గట్టుమీద, అదే జాతి పాము కఱచినను, ఆ రైతు మఱల ఆస్పత్రికి పోయి, మఱల గుఱ్ఱమునొద్దనే యరువు తెచ్చుకొనవలసియుండును.